గంటకో ధర పలికే కరెంటు: తరచుగా అడిగే ప్రశ్నలు

గంటగంటకీ ధర మారే కరెంటు ప్లాన్‌లో చేరినప్పటి నుంచి తెలిసినవాళ్లు నన్ను అడుగుతూ వచ్చిన ప్రశ్నలివి. కొన్ని మొదట్లో నాకు నేనే వేసుకున్నవి. లెక్క చెప్పాల్సిన చోట ధరల్ని ఊరికే "కాసుల్లో" చెబుతాను. మీ దగ్గర చెలామణీలో ఉన్న నాణెం ఏదైనా, యూనిట్ రేటు ఎంతైనా, లెక్క చేసే తీరు అదే.

కరెంటు కరెంటే కదా, మధ్యాహ్నం ఒక ధర, సాయంత్రం ఇంకో ధర ఎందుకు?

బియ్యం లాగా బస్తాల్లో నింపి దాచుకునే సరుకు కాదు గనక. ఏ క్షణాన ఎంత వాడుతున్నామో ఆ క్షణాన అంతే తయారు కావాలి. అందుకే కరెంటు సంతలో ప్రతి గంటకీ విడిగా వేలం జరుగుతుంది. చౌకగా ఇచ్చే కేంద్రాలను ముందు పిలుస్తారు. ఎండ, గాలి, నీళ్లతో నడిచేవాటికి ఇంధనం ఖర్చు లేదు కాబట్టి అవి వరసలో ముందుంటాయి. ఆ తర్వాత అణు, బొగ్గు, గ్యాస్ కేంద్రాలు. ఆ గంట అవసరం తీరడానికి చిట్టచివర ఏ కేంద్రాన్ని పిలవాల్సి వచ్చిందో, దాని ధరే అందరికీ ధర. ఇక్కడే ఉంది కిటుకంతా. చివరి చిన్న ముక్క కోసం ఖరీదైన గ్యాస్ టర్బైన్ తిప్పాల్సి వస్తే, ఆ గంటలో మొత్తం సరుకు ఖరీదైపోతుంది.

సాయంత్రం సరిగ్గా అదే జరుగుతుంది. ఎండ తగ్గుతుంది, జనం ఇళ్లకు చేరతారు, లైట్లు, పొయ్యిలు, ఏసీలు ఒక్కసారే మొదలవుతాయి. కాలిఫోర్నియా గ్రిడ్ నిర్వాహకులు 2013లో దీన్ని గీత గీసి చూపిస్తే అది బాతు ఆకారంలో వచ్చింది. మధ్యాహ్నం సోలార్ పుష్కలంగా ఉన్నప్పుడు కిందికి జారిన పొట్ట, సాయంత్రం నిటారుగా లేచిన మెడ. "డక్ కర్వ్" అనే పేరు అలా నిలిచిపోయింది. మన పనల్లా ఆ మెడ మీద ఖర్చు తగ్గించి పొట్ట దగ్గర వాడుకోవడం. సోలార్ తక్కువ, గాలిమరలు ఎక్కువ ఉన్న చోట్ల చౌక వేళ అర్ధరాత్రి దాటాక రావచ్చు. కాబట్టి "రాత్రి కరెంటు చౌక" అన్న పాతమాటను గుడ్డిగా నమ్మకండి. మీ ప్లాన్ గంట ధరల గ్రాఫు చూసుకోండి.

రేపటి ధర ఇవాళే ఎలా తెలుస్తుంది?

అది మీ ప్లాన్ ఏ రకమో దాన్నిబట్టి ఉంటుంది. చాలాచోట్ల వేలం ఒక రోజు ముందే జరుగుతుంది. యూరప్‌లో ఎక్కువ దేశాలకు కలిపి మధ్య యూరప్ కాలమానం ప్రకారం మధ్యాహ్నం 12కి బిడ్లు మూసేస్తారు, కాసేపటికే మర్నాటి ధరలన్నీ బయటికి వస్తాయి. 2025 అక్టోబర్ 1 నుంచి అక్కడ గంటలు కూడా పోయి పావుగంటకో ధర వచ్చింది. ఇలాంటి ప్లాన్ అయితే సాయంత్రమే కూర్చుని రేపటికి టైమర్లు పెట్టుకోవచ్చు.

రెండో రకం అప్పటికప్పుడు తేలే ధర. అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రంలోని కామ్‌ఎడ్ అనే కరెంటు కంపెనీ గంట ధర ఇలాంటిదే: అయిదేసి నిమిషాల ధరలు పన్నెండింటి సగటు. అంటే ఆ గంట గడిచాక గానీ అసలు ధర తేలదు. అంచనాలు ఉంటాయి, కానీ అవి వాతావరణ సూచన లాంటివే. ఈ రకంలో మరీ సన్నగా ప్లాన్ చేసుకోకుండా, ఎప్పుడూ ఖరీదుగా ఉండే సాయంత్రపు గంటల్ని తప్పించుకుంటే చాలు.

ఇక్కడ నా చేయి కాలిన సంగతి ఒకటి చెప్పాలి. పట్టికలో "18" అని ఉంటే ఆరు గంటలకు మొదలయ్యే గంట అనుకున్నాను. తీరా అది ఆరింటితో ముగిసే గంట. కొన్ని సంతలు గంటను మొదలయ్యే సమయంతో పిలిస్తే, కొన్ని ముగిసే సమయంతో పిలుస్తాయి. రెండు వారాల పాటు అన్నీ ఒక గంట ఆలస్యంగా నడిపి, సరిగ్గా ధర పెరిగే వేళకి గీజర్ వెలిగించాను. గడియారాలు ఏడాదికి రెండుసార్లు మార్చే దేశాల్లో 23 గంటల రోజు ఒకటి, 25 గంటల రోజు ఒకటి వస్తాయి. ఆ రోజుల తర్వాత పాతకాలపు తిప్పుడు టైమర్లను ఒకసారి సరిచేసుకోవాలి.

ధర సున్నాకి పడితే కరెంటు ఉచితమా?

కాదు. బిల్లులో కరెంటు ధర ఒక ముక్క మాత్రమే. తీగల నిర్వహణ ఖర్చు, పన్నులు, నెలవారీ స్థిర రుసుము విడిగా ఉంటాయి. ఇవి చాలావరకు గంటను బట్టి మారవు. ఎండ, గాలి మరీ ఎక్కువై కొనేవాళ్లు లేనప్పుడు సంతలో ధర సున్నా కిందికి కూడా పోతుంది. అయినా యూనిట్‌కి ఇతర ఖర్చులు 6 కాసులు ఉండి సంత ధర మైనస్ 1 అయితే, మీరు కట్టేది 5. ఉచితమని హీటర్లన్నీ వెలిగించి కూర్చుంటే జేబుకి చిల్లే.

దీని వల్ల ఇంకో సంగతి. యాప్‌లో "ధర మూడు రెట్లు" అని ఎర్రగా మెరిసినా, ఇతర ఖర్చులు కలిపాక తేడా రెండు రెట్లు కూడా ఉండకపోవచ్చు. అయితే నిష్పత్తి తగ్గినా తేడా తగ్గదు: 4 కాసులకీ 12 కాసులకీ మధ్య ఉన్న 8 కాసులు అలాగే ఉంటాయి. అందుకే నేను రెట్లు చూడను, కాసులు చూస్తాను. కింద లెక్కలన్నిటికీ ఈ 8 కాసుల తేడానే తీసుకుంటున్నాను.

పాత మీటర్ ఉంది. ఇవన్నీ నాకు పనికొస్తాయా?

గంటగంటకీ వాడకం నమోదు చేసే మీటర్ లేకపోతే పనికిరావు. పాత మీటర్‌కి మొత్తం యూనిట్లే తెలుసు, ఎప్పుడు వాడారో తెలియదు.

ఇంట్లో దేన్ని మార్చితే డబ్బు మిగులుతుంది?

వేడి చేసేవి, కారు. దాదాపు అంతే. వేడికి కరెంటు ఎంత ఖర్చవుతుందో మనకు కంటికి కనబడదు గనక చిన్న లెక్క చెబుతాను. 100 లీటర్ల నీళ్లను 40 డిగ్రీలు పెంచడానికి నాలుగున్నర యూనిట్ల పైనే కావాలి. దాన్ని 12 కాసుల గంట నుంచి 4 కాసుల గంటకు మార్చితే రోజుకి దగ్గర దగ్గర 37 కాసులు మిగులు. ఎలక్ట్రిక్ కారు రోజుకి 50 కిలోమీటర్లు తిరిగితే 8 నుంచి 10 యూనిట్లు, అంటే 64 నుంచి 80 కాసులు. పాతరకం బట్టలారబెట్టే డ్రయ్యర్ ఒక్కసారికి 3 యూనిట్లు తాగితే 24 కాసులు. డిష్‌వాషర్ ఒక యూనిట్, 8 కాసులు. వాషింగ్ మెషిన్ 40 డిగ్రీల మీద నడిపితే అంతకన్నా కాస్త తక్కువ.

ఫోన్ ఛార్జింగ్ యూనిట్‌లో యాభయ్యో వంతు. ఏడాది పొడుగునా ప్రతి రోజూ చౌక గంట చూసి ఫోన్ ఛార్జ్ చేస్తే సుమారు 58 కాసులు మిగులుతాయి. కారు ఒక్క రాత్రిలో మిగిల్చేదాని కన్నా తక్కువ.

లైట్లు, టీవీ, రూటర్ సంగతి?

వదిలేయండి. 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు ఒక యూనిట్ కాల్చడానికి 111 గంటలు పడుతుంది. చీకట్లో కూర్చోవడం పొదుపు కాదు.

ఖరీదైన గంటల్లో ఫ్రిజ్ ఆపేస్తే?

వద్దు. ఆపిన రెండు గంటల్లో లోపల వేడెక్కినదాన్ని తర్వాత మళ్లీ చల్లబరచాలి, మిగిలేది చిల్లర. తినే వస్తువులతో పందెం కాయకండి.

గీజర్‌ని ఎలా వాడాలి?

నా దృష్టిలో ఇంట్లో అన్నిటికన్నా తెలివైన పెట్టుబడి ట్యాంకున్న గీజర్‌కి ఒక టైమర్. ట్యాంకు అంటేనే వేడిని దాచుకునే బ్యాటరీ. మంచి తొడుగున్న ట్యాంకు మధ్యాహ్నం కాచిన నీళ్లను రాత్రి స్నానానికి, తెల్లవారుజామున కాచినవాటిని ఉదయానికి వేడిగానే ఉంచుతుంది. ఇరవై నాలుగు గంటలూ ఆన్‌లో వదిలేసిన గీజర్ మీరు నీళ్లు వాడిన మరుక్షణం, అంటే సరిగ్గా ఖరీదైన వేళ, మళ్లీ కాచడం మొదలెడుతుంది. టైమర్ ఆపేది ఆ బుద్ధినే.

టైమర్ కొనేముందు దాని మీద ఎన్ని ఆంపియర్లని రాసుందో చూడండి. 2,000 నుంచి 3,000 వాట్ల గీజర్‌ని లైటు కోసం చేసిన చిన్న టైమర్ ప్లగ్గుకి తగిలిస్తే ప్లగ్గు కరుగుతుంది. ఎలక్ట్రీషియన్ చేత బోర్డులోనే పెట్టించడం మేలు.

ఇంకొకటి, పొదుపు పేరుతో ట్యాంకు నీళ్లను ఎప్పుడూ గోరువెచ్చగా ఉంచకండి. 20 నుంచి 45 డిగ్రీల మధ్య నిలవున్న నీళ్లలో లెజియోనెల్లా అనే బ్యాక్టీరియా పెరుగుతుంది, ఊపిరితిత్తులకు ప్రమాదం. చౌక గంటలోనే 60 డిగ్రీల దాకా కాయనివ్వండి. ట్యాంకు లేని, కుళాయి తిప్పితే అప్పటికప్పుడు కాచే గీజర్‌కి ఇవేవీ వర్తించవు. దానికి మార్చగలిగిందల్లా మీ స్నానం వేళే.

వాషింగ్ మెషిన్ రెండు గంటలు నడుస్తుంది. చౌక గంట ఒక్కటే ఉంది. ఎలా?

ఈ ప్రశ్నకి జవాబు మీటర్ ముందు కూర్చుని తెలుసుకున్నాను. చాలా మీటర్ల మీద చిన్న ఎర్రలైటు ఒకటి మెరుస్తుంటుంది. మా దాని మీద యూనిట్‌కి 1,000 మెరుపులని రాసుంది. ఓ రోజు ఇంట్లో మిగతావన్నీ కట్టేసి మెషిన్ ఒక్కటే వేసి చూశాను. నీళ్లు పట్టుకున్నంతసేపు లైటు నిద్రపోయినట్టే ఉంది. తర్వాత హీటర్ అందుకుంది. రెండేసి సెకన్లకు ఒక మెరుపు, టకటకా పావుగంట పైన. అది ఆగాక డ్రమ్ము ఊరికే తిరుగుతున్నప్పుడు మెరుపుకీ మెరుపుకీ మధ్య పదిహేను, ఇరవై సెకన్లు. చివర్లో బట్టలు పిండేటప్పుడు కాస్త హుషారు, అంతే.

అంటే కరెంటులో ఎక్కువ భాగం మొదటి అరగంటలోనే పోతుంది. ఆ అరగంట చౌక గంటలో పడితే మిగిలిన గంటన్నర ఎక్కడ పడ్డా పట్టించుకోనక్కర్లేదు. డిష్‌వాషర్ మాత్రం రెండుసార్లు నీళ్లు కాస్తుంది, అసలు కడుగుడుకి ఒకసారి, చివరి జాడింపుకి ఒకసారి. దానికి కాస్త పొడుగాటి చౌకవేళ వెతకాలి.

60 డిగ్రీల బదులు 30 మీద ఉతికితే వాడకం సగానికన్నా తగ్గుతుంది, ఏ గంటలోనైనా. గంట మార్చడం కన్నా డిగ్రీ మార్చడమే చాలా ఇళ్లలో పెద్ద పొదుపు.

అందరూ పడుకున్నాక రాత్రి మూడింటికి నడపమంటారా?

డ్రయ్యర్ విషయంలో అనను. నిద్రలో ఉన్నప్పుడు, ఇంట్లో లేనప్పుడు డ్రయ్యర్, వాషింగ్ మెషిన్, డిష్‌వాషర్ నడపొద్దని అగ్నిమాపక శాఖలు చెబుతుంటాయి. పేరుకున్న పీచు డ్రయ్యర్‌లో తేలిగ్గా అంటుకుంటుంది. 24 కాసుల కోసం ఆ పని చేయను. మధ్యాహ్నపు చౌకవేళ ఉన్న చోట ఈ తలనొప్పే లేదు. లేదంటే నేను లేచే వేళకు కాస్త ముందు, లేదా పడుకోబోయే ముందు ఉన్నంతలో చౌక గంట చూసుకుంటాను.

మెషిన్‌కి "ఇన్ని గంటల తర్వాత మొదలెట్టు" అనే మీటతో పాటు "ఇన్నింటికి ముగించు" అనేది ఉంటే రెండోదే వాడండి. లేకపోతే తడిబట్టలు డ్రమ్ములోనే ముక్కి వాసన పట్టి మళ్లీ ఉతకాల్సి వస్తుంది. పొదుపు సంగతి దేవుడెరుగు, రెండు ఉతుకుల ఖర్చు. గోడ పంచుకున్న పొరుగువాళ్లు ఉంటే బట్టలు పిండే వేళ వాళ్ల నిద్ర కూడా లెక్కలోకి తీసుకోండి.

ఏసీ, రూమ్ హీటర్ మాటేంటి? వాటిని వాయిదా వేయలేం కదా?

వాయిదా వేయలేం, కానీ ముందుకు జరపొచ్చు. సాయంత్రం ధర ఎక్కేలోపే ఇంటిని మామూలుకన్నా ఒకటి రెండు డిగ్రీలు చల్లబరిచి, ఖరీదు గంటల్లో సెట్టింగ్‌ను పైకి జరపడం. చలిదేశాల్లో ఇదే పని తిరగేసి, ముందే వెచ్చబరచడం. గోడలు, నేల ఆ చల్లదనాన్నో వెచ్చదనాన్నో పట్టి ఉంచి నెమ్మదిగా వదులుతాయి.

ఇది ఎంత పనిచేస్తుందో ఇల్లే చెప్పాలి. మందపాటి గోడలు, బిగుతైన కిటికీలు ఉంటే రెండు మూడు గంటలు లాగొచ్చు. రేకుల కప్పు, సందులున్న తలుపులు ఉంటే అరగంటకే పోతుంది, ముందు పెట్టిన ఖర్చు గాలికి. ఒక సాయంత్రం ఏసీ ఆపి, గదిలో థర్మామీటర్ పెట్టి, ఒక్కో డిగ్రీ పెరగడానికి ఎంతసేపు పడుతుందో రాసుకోండి. ఆ కాగితం ముక్క ఏ సలహాకన్నా విలువైనది. పసిపిల్లలు, పెద్దవాళ్లు, జబ్బుపడినవాళ్లు ఉన్న గదిలో మాత్రం ఈ ప్రయోగాలు వద్దు.

కారుకి రాత్రంతా ఛార్జింగ్ పెట్టాలా?

బండిని ప్లగ్గుకి తగిలించి ఉంచండి, కరెంటు మాత్రం ఎంచుకున్న గంటల్లోనే పారనివ్వండి. 7 కిలోవాట్ల ఛార్జర్ ఉంటే రోజూ తిరుగుడుకి గంటన్నర చాలు. రాత్రిలోని ఎనిమిది గంటల్లో చౌకైన రెండు ఎంచుకునే వెసులుబాటు అన్నమాట. మామూలు గోడ ప్లగ్గు మీద అదే పనికి నాలుగైదు గంటలు పడుతుంది, ఎంపిక తగ్గిపోతుంది. ఛార్జింగ్‌లో పదో వంతు దాకా వృథా అవుతుందనీ లెక్క వేసుకోండి. అత్యవసరానికి కావలసినంత ఛార్జి ఎప్పుడూ ఉండేలా ఒక కనీస శాతం పెట్టుకుంటే అర్ధరాత్రి ఆసుపత్రికి బయల్దేరాల్సి వచ్చినా చిక్కు ఉండదు.

బ్యాటరీ కొని చౌకప్పుడు నింపి ఖరీదప్పుడు వాడుకుంటే?

అందరికీ నచ్చే ఆలోచన, నాకూ నచ్చింది, లెక్క వేసేదాకా. 5 యూనిట్లు ఇచ్చే బ్యాటరీ నింపడానికి వృథా కలుపుకుని 5.7 యూనిట్లు కొనాలి. 4 కాసుల చొప్పున 23. అది తప్పించేది 5 యూనిట్లు, 12 చొప్పున 60. రోజుకి మిగులు 37 కాసులు. పైన గీజర్ టైమర్ మిగిల్చిందీ అదే 37. టైమర్ ధర ఎక్కడ, బ్యాటరీ ధర ఎక్కడ!

బ్యాటరీ వెలని 37తో భాగించండి. వచ్చిన రోజులు వారంటీ దాటిపోతే ఆగండి. ఆ 8 కాసుల తేడా ప్రతి రోజూ ఉండదన్నదీ గుర్తుంచుకోండి. కరెంటు తరచూ పోయే చోట బ్యాటరీ కొనడం వేరే కథ, అక్కడ కొంటున్నది నిశ్చింత.

అన్నీ ఒకే చౌక గంటలో పెట్టేస్తే సరిపోదా?

గీజర్ 2,000 వాట్లు, డ్రయ్యర్ 2,500, కారు 7,000, పైగా డిష్‌వాషర్. మెయిన్ ట్రిప్ అయి ఇల్లంతా చీకటి. కారు ఛార్జర్ మధ్యలో ఆగిపోయిన సంగతి పొద్దున తెలుస్తుంది. అదీగాక కొన్నిచోట్ల ఎన్ని యూనిట్లు అన్నదానికే కాదు, ఒక్కసారిగా ఎంత లాగారన్నదానికీ రుసుము ఉంటుంది. బెల్జియంలోని ఫ్లాండర్స్‌లో 2023 జనవరి నుంచి నెలలో అత్యధికంగా లాగిన పావుగంటను బట్టి తీగల రుసుము లెక్కగడుతున్నారు. నార్వేలో 2022 జూలై నుంచి ఇలాంటి పద్ధతే. మీ బిల్లులో "డిమాండ్" అనో "కెపాసిటీ" అనో వరస కనిపిస్తే, పెద్దవాటిని ఒకదాని తర్వాత ఒకటి నడపండి. రెండో చౌక గంట మొదటిదానికన్నా సాధారణంగా అర కాసో కాసో ఎక్కువ, అంతే.

ధర ఒక్కసారిగా ఆకాశాన్నంటితే?

అది భయపడాల్సిన సంగతే. 2021 ఫిబ్రవరిలో టెక్సస్‌ని మంచు తుపాను ముంచెత్తినప్పుడు టోకు ధర యూనిట్‌కి 9 డాలర్ల గరిష్ఠ పరిమితిని తాకి రోజుల తరబడి అక్కడే ఉంది. టోకు ధరని నేరుగా కట్టే ప్లాన్‌లో ఉన్న ఇళ్లకు వేల డాలర్ల బిల్లులొచ్చాయి. చలికి వణికే వేళ హీటర్ ఆపమని ఎవరికి చెప్పగలం? ఆ ఏడాదే ఆ రాష్ట్రం ఇళ్లకు అలాంటి ప్లాన్లు అమ్మడాన్ని నిషేధించింది.

చేరే ముందు మూడు ప్రశ్నలు అడగండి: యూనిట్ ధరకి పైన హద్దు ఉందా? ఎంత త్వరగా బయటికి రావచ్చు? మళ్లీ స్థిర ధరకి మారితే రుసుము ఉందా? మొదటిదానికి "లేదు" అని జవాబొస్తే, ఒక నెల మూడింతల బిల్లు కట్టగల స్తోమత ఉంటేనే చేరండి. పొద్దంతా ఇంట్లో మంచం పట్టినవారి కోసం యంత్రాలు నడిచే ఇంటికి నేను స్థిర ధరే చెబుతాను.

నిజంగా మిగులుతోందో లేదో ఎలా తెలుస్తుంది?

పోయిన నెల బిల్లుతో పోల్చకండి, వాతావరణం మారి ఉంటుంది. ఇలా చూడండి. ఈ నెల కరెంటు భాగానికి కట్టిన మొత్తాన్ని యూనిట్లతో భాగించండి. అది మీరు నిజంగా కట్టిన సగటు. దాని పక్కన ఆ నెల అన్ని గంటల ధరల మామూలు సగటు రాయండి. మీది 6.5, నెల సగటు 8 అయితే మీ గంటల ఎంపిక బాగుంది. మీది 9 వస్తే మీది సాయంత్రపు ఇల్లు, టైమర్లు ఎక్కడో తప్పుతున్నాయి. మూడు నెలలు వరసగా స్థిర ధరకన్నా మీ సగటు ఎక్కువొస్తే మొహమాటపడకుండా వెనక్కి వెళ్లండి.

ఇంట్లో వాళ్లు ఒప్పుకోకపోతే?

మొదటి నెల నేను రోజూ ధరల గ్రాఫు అచ్చువేసి ఫ్రిజ్ తలుపుకి అంటించేవాణ్ణి. మూడోరోజే మా ఆవిడ "స్నానానికి కూడా ముహూర్తం పెడతావా?" అంది. ఆవిడ అన్నదాంట్లో న్యాయం ఉంది. గ్రాఫు తీసేశాను. గీజర్ టైమర్, కారు టైమర్ పెట్టి వాటి జోలికి పోవడం మానేశాను. డిష్‌వాషర్‌కి మాత్రం ఒక్క నియమం మిగిలింది: రాత్రి భోజనాలయ్యాక గిన్నెలు సర్దడమే, మీట నొక్కేది పొద్దున ముందు లేచినవాళ్లు. ఎక్కువసార్లు ఆవిడే నొక్కుతోంది.